నైట్ షెల్టర్‌కు వెళ్లే ముందు ఏ పుస్తకాలు చదవాలి?

మీరు ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) మొదటి సంవత్సరంలో ఉన్నారు. హైదరాబాద్‌లో ఒక నైట్ షెల్టర్‌లో ఫీల్డ్ వర్క్ పడింది, వచ్చే నెల మొదలు. ఈలోగా ఇల్లు లేనివాళ్ల గురించి ఏం చదవాలి, తెలుగులో ఏమైనా ఉన్నాయా అని అడిగారు.

వెళ్లే ముందు రెండే చదవండి. అమన్ సేథీ రాసిన 'ఎ ఫ్రీ మ్యాన్', ఎలియట్ లీబో రాసిన 'టెల్ దెమ్ హూ ఐ యామ్'. మొదటిది 2011లో వచ్చింది, పాత ఢిల్లీలో ఫుట్‌పాత్ మీద పడుకునే కూలీల గురించి. రెండోది 1993 నాటిది, అమెరికా రాజధాని వాషింగ్టన్ పరిసరాల్లో షెల్టర్లలో తలదాచుకునే ఆడవాళ్ల గురించి. రెండూ ఇంగ్లిష్‌లోనే చదవాలి. కష్టమైన ఇంగ్లిష్ కాదు. మిగతావి ఫీల్డ్ వర్క్ నడుస్తుండగా ఒక్కొక్కటే చదువుకోవచ్చు. వాటి గురించీ కింద చెప్తాను.

ఈ రెండే ఎందుకో చెప్పాలి. నేను షెల్టర్ల పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఏటా మీలాంటి విద్యార్థులు వస్తారు. అందరూ మంచి మనసుతోనే వస్తారు. రాగానే అడిగే మొదటి ప్రశ్న మాత్రం ఒక్కటే: "ఇల్లు వదిలి ఎందుకొచ్చారు?" ఆ ప్రశ్న షెల్టర్‌లో ఉన్న మనిషిని పోలీసు అడిగి ఉంటాడు, ఆస్పత్రిలో నర్సు అడిగి ఉంటుంది, దుప్పట్లు పంచడానికొచ్చిన వాళ్లూ అడిగి ఉంటారు. అడిగి అడిగి ఆ మనిషి దగ్గర ఒక జవాబు తయారై ఉంటుంది. ఎవరికి ఏది చెబితే పని అవుతుందో అదే చెబుతారు. అది మోసం కాదు, అలా చెప్పకపోతే బతకలేరు. మీరు ఆ జవాబు డైరీలో రాసుకొచ్చి కేస్ స్టడీ అంటారు.

అదే "రేపు పొద్దున ఎటు వెళ్తరన్నా?" అని అడిగి చూడండి. కూలీలు పనికోసం నిలబడే అడ్డా పేరు చెబుతారు. ఏ మేస్త్రీ కూలి ఎగ్గొడతాడో, ఏ హోటల్ వెనక నీళ్లు పట్టుకోనిస్తారో చెబుతారు. అంచేత నా సలహా ఒక్కటే. ఇల్లు ఎలా పోయిందో చెప్పే పుస్తకాలు తర్వాత చదవండి. ఇల్లు లేకుండా ఒక రోజు ఎలా గడుస్తుందో చూపించే పుస్తకాలు ముందు చదవండి.

'ఎ ఫ్రీ మ్యాన్' సదర్ బజార్‌లోని బారా టూటీ చౌక్ చుట్టూ తిరుగుతుంది. అదొక లేబర్ అడ్డా. అందులో ముఖ్యమైన మనిషి మహమ్మద్ అష్రఫ్, గోడలకు సున్నాలు, రంగులు వేసే కూలీ. సేథీ ఆయన పక్కన కూర్చుంటాడు, తాగుతాడు, తిరుగుతాడు, జీవితం మొత్తాన్ని సంవత్సరాల వారీగా వరసపెట్టి రాసుకోవాలని చూస్తాడు. అష్రఫ్ అంత తేలిగ్గా ఇవ్వడు. తనకు తోచినప్పుడు తోచినంత చెబుతాడు. మీ ఫీల్డ్ వర్క్‌లో మీకూ జరగబోయేది ఇదే, అందుకే ఈ పుస్తకం ముందు చదవమంటున్నాను. పనిలో సంపాదనా ఉండాలి, స్వేచ్ఛా ఉండాలి, ఆ రెంటికీ తూకం కుదరాలి అని అష్రఫ్‌కు ఒక సిద్ధాంతం ఉంటుంది. నెలజీతం ఇచ్చే యజమాని మనిషిని కొనేసుకుంటాడు, రోజుకూలీ మాత్రం నచ్చకపోతే లేచి వెళ్లిపోవచ్చు అన్నది అందులో ఒక ముక్క. ఇది చదివాక "వీళ్లకు ఒక ఉద్యోగం చూపిస్తే చాలు" అన్న మాట మీ నోటి నుంచి అంత సులువుగా రాదు.

ఆ పుస్తకంలోనే ఢిల్లీ భిక్షాటన కోర్టు గురించి ఒక భాగం ఉంది. మాసిన బట్టల్లో రోడ్డు మీద కనిపించిన వాళ్లను వ్యాన్లో ఎక్కించి తీసుకుపోతారు. అడుక్కోవడం వేరు, ఇల్లు లేకపోవడం వేరు. ఆ తేడా ఆ వ్యాన్‌కు తెలియదు. ఇది మనకు దూరం సంగతి కాదు. మన దగ్గర 1977 నాటి ఆంధ్రప్రదేశ్ యాచక నిరోధక చట్టం ఉంది. 2017 నవంబరులో హైదరాబాద్‌లో అంతర్జాతీయ సదస్సు జరిగే ముందు భిక్షాటనను రెండు నెలలు నిషేధించి, రోడ్ల మీదున్న వాళ్లను చంచల్‌గూడ, చర్లపల్లి జైళ్ల ఆవరణల్లోని ఆశ్రయాలకు తరలించారు. మరుసటేడు ఆగస్టులో ఢిల్లీ హైకోర్టు, అక్కడ అమల్లో ఉన్న బొంబాయి చట్టంలో భిక్షాటనను నేరంగా చూసే సెక్షన్లను కొట్టేసింది. షెల్టర్‌లో పాత వాళ్లతో మాట్లాడితే 2017 ముచ్చట ఇప్పటికీ వస్తుంది.

ఇక లీబో. ఆయన మానవశాస్త్రవేత్త. 1984లో క్యాన్సర్ అని తేలింది, ఎక్కువ కాలం బతకరన్నారు. ఉద్యోగం మానేసి, పేదలకు భోజనం పెట్టే చోట, తర్వాత ఒక ఆడవాళ్ల షెల్టర్‌లో వాలంటీర్‌గా చేరాడు. అనుకున్నదానికన్నా ఎక్కువ కాలం బతికాడు, ఈ పుస్తకం వచ్చిన మరుసటేడు పోయాడు. పరిశోధన చేద్దామని వెళ్లినవాడు కాదు, వడ్డించడానికి వెళ్లినవాడు. ఆ తేడా పేజీ పేజీలో తెలుస్తుంది. అచ్చుకు ముందు రాతప్రతిని ఆ షెల్టర్‌లో ఉన్న ఆడవాళ్లలో ఇద్దరికీ, షెల్టర్ డైరెక్టర్‌కూ చదవడానికిచ్చాడు. వాళ్లు ఒప్పుకోని చోట ఆ అభ్యంతరాలను పుస్తకంలోనే నోట్సుగా వేశాడు. అంటే రాసినవాడి మాటా, కాదన్నవాళ్ల మాటా ఒకే పేజీలో కనిపిస్తాయి. మీరు రేపు కేస్ రికార్డు రాసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

మొదటి అధ్యాయం మొత్తం ఒక రోజు ఎలా గడుస్తుందన్నదే. తెల్లవారగానే షెల్టర్ నుంచి బయటికి పంపేస్తారు. సాయంత్రం దాకా ఎక్కడ కూర్చోవాలి? కాళ్లు నొప్పి, నిద్ర చాలకపోవడం, విసుగు. అన్నిటికన్నా పెద్ద సమస్య సామాన్లు. ఉన్న కాస్త బట్టలూ కాగితాలూ ఫొటోలూ ఎక్కడ పెట్టుకోవాలి? చేతిలో డబ్బు ఆడని ఆడవాళ్లు కూడా సామాను గదికి నెలనెలా అద్దె కడుతుంటారు. అవి పోతే తమకొక ఇల్లుండేదని చెప్పే ఆనవాళ్లన్నీ పోయినట్టే.

మన షెల్టర్లలో దీన్ని మీరు కళ్లారా చూస్తారు. మగవాళ్ల షెల్టర్‌లో రాత్రి పదింటికి లైటు తీసేముందు ఒకసారి వరసగా చూడండి. చాలామంది తలకింద దిండుండదు, చెప్పులుంటాయి, వాటి మీద చుట్టిన తువ్వాలు ఉంటుంది. ఆధార్ కార్డూ, నాలుగు నోట్లూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి లోపలి బనీనుకు కుట్టుకున్న జేబులో ఉంటాయి. ఛార్జింగ్ పెట్టిన ఫోను పక్కనే కూర్చుని కునికిపాట్లు పడే మనిషి ఒకరైనా ఉంటారు. ఆడవాళ్ల షెల్టర్‌లో ఒక పెద్దమ్మ ఉండేది. తన రేకు పెట్టెను మంచం కింద పెట్టమంటే ఒప్పుకునేది కాదు, పక్క మీదే కాళ్ల దగ్గర పెట్టుకుని ముడుచుకుని పడుకునేది. వాలంటీర్లు ఆమెకు మతి సరిగా లేదనుకున్నారు. పెట్టెలో ఏముందని అడగడం మానేసి, దానికొక తాళం కప్ప కొనిచ్చాం. మర్నాటి నుంచి పెట్టె మంచం కిందికి వెళ్లింది. లీబో పుస్తకంలో ఆ సామాన్ల పేజీలు చదివినవాళ్లకు ఆ తాళం సంగతి వెంటనే తడుతుంది.

ఇళ్లు లేనివాళ్లకు ఇల్లు లేకపోవడానికి కారణం, ఉండటానికి చోటు లేకపోవడమే అని లీబో తేల్చి చెబుతాడు. వినడానికి ఇది చెప్పక్కర్లేని మాటలా ఉంటుంది. కానీ తాగుడు, మతిస్థిమితం లేకపోవడం, బద్ధకం అంటూ కారణాలు వెతికే వాళ్ల మధ్య పనిచేసేటప్పుడు ఎంత అవసరమో తెలుస్తుంది. అవే అలవాట్లు, అవే జబ్బులు ఉన్నవాళ్లు ఇళ్లల్లోనూ లక్షలమంది ఉన్నారు కదా.

ఫీల్డ్ వర్క్ మొదలయ్యాక చదవాల్సిన వాటిలో ముందు మిచెల్ డునియర్ 'సైడ్‌వాక్' (1999). న్యూయార్క్‌లో సిక్స్త్ అవెన్యూ మీద పాత పుస్తకాలూ పత్రికలూ అమ్ముకునే నల్లజాతి మగవాళ్ల గురించి. వాళ్లలో చాలామంది ఆ పేవ్‌మెంట్ మీదే నిద్రపోతారు. రచయిత మొదట హకీమ్ హసన్ అనే ఒక్క పుస్తకాల వ్యాపారి చుట్టూ పుస్తకం రాసేశాడు. హసన్ ఆ రాతప్రతి చదివి, ఈ వీధి ఇంతేనా, మిగతావాళ్లేరీ అన్నట్టు అడిగాడు. డునియర్ మళ్లీ వీధికొచ్చి ఏళ్ల తరబడి పని చేసి మొత్తం తిరగరాశాడు. పుస్తకం చివరి మాట హసనే రాశాడు. అందులో నేను విద్యార్థులతో తప్పకుండా చదివించేది మూత్రవిసర్జన గురించిన అధ్యాయం. రోడ్డు మీద పోస్తున్నాడని అందరూ చీదరించుకునే మనిషికి ఆ వీధిలో ఏ హోటలూ లోపలికి రానివ్వదు. సరుకు వదిలి దూరం వెళితే పోతుంది. చదివాక మన సులభ్ కాంప్లెక్సులు రాత్రి ఎన్నింటికి మూస్తారో మీరే వెళ్లి చూసి రండి. ఆడవాళ్లు సాయంత్రం నుంచి నీళ్లు తాగడం ఎందుకు మానేస్తారో అర్థమవుతుంది.

జార్జ్ ఆర్వెల్ 'డౌన్ అండ్ అవుట్ ఇన్ ప్యారిస్ అండ్ లండన్' (1933) పాతదే అయినా రెండో సగం, అంటే లండన్ భాగం, షెల్టర్ నడిపే ప్రతివాళ్లూ చదవాలి. అప్పటి ఇంగ్లండ్‌లో దిక్కులేనివాళ్లకు ప్రభుత్వం నడిపే రాత్రి బసలను స్పైక్ అనేవారు. ఒక స్పైక్‌లో ఒక్క రాత్రే ఉండనిస్తారు, నెల తిరక్కుండా మళ్లీ అక్కడికే వస్తే శిక్ష. అందుకే వాళ్లు రోజంతా నడిచి ఇంకో ఊరి స్పైక్‌కు చేరుకోవాలి. లోకం వాళ్లను దేశదిమ్మరులంది, తిరగడం వాళ్ల నెత్తుట్లోనే ఉందంది. వాళ్లను తిప్పుతున్నది ఆ నియమమేనని ఆర్వెల్ చూపించాడు. మీ షెల్టర్ గోడ మీద నియమాల బోర్డు ఉంటుంది. ఇది చదివాక ఒక్కొక్క నియమం ముందూ నిలబడి, దీనివల్ల ఈ మనిషి రేపు ఏం చేయాల్సి వస్తుంది అని ఆలోచించండి. రాత్రి తొమ్మిది తర్వాత రానివ్వం అన్న ఒక్క నియమం చాలు, ఫంక్షన్ హాళ్లలో గిన్నెలు కడిగే వాళ్లందరూ బయట పడుకోవడానికి. పెళ్లిళ్ల సీజన్లో వాళ్లకు పని అయ్యేసరికి అర్ధరాత్రి దాటుతుంది.

రష్యన్ రచయిత గోర్కీ నాటకం ఒకటుంది, ఇంగ్లిష్‌లో 'ది లోయర్ డెప్త్స్' అంటారు. 1902లో మాస్కో ఆర్ట్ థియేటర్ మొదటిసారి ఆడింది. అప్పుడు నటులూ దర్శకుడూ మాస్కోలోని ఖిత్రోవ్ బజారు సత్రాలకు వెళ్లి అక్కడి మనుషుల్ని చూసొచ్చారు. నాటకమంతా ఒక చవక బసలో జరుగుతుంది. అందులో లూకా అనే ముసలాయన అందరినీ ఓదారుస్తుంటాడు. తాగుడుకు బానిసైన ఒక నటుడితో, తాగుడు మాన్పించే ఉచిత ఆస్పత్రి ఒకటుంది, ఊరి పేరు తర్వాత చెప్తానంటాడు. చెప్పకుండానే వెళ్లిపోతాడు. నటుడు ఉరేసుకుంటాడు. ఇది మీరు చదవాలి, ఎందుకంటే షెల్టర్‌లో మీ నోటికి మొట్టమొదట వచ్చే మాట "నేను చూస్తానమ్మా" అనే. పింఛను సంగతి చూస్తాను, కొడుకు నంబరు కనుక్కుంటాను. మీ ఫీల్డ్ వర్క్ సెమిస్టర్‌తో అయిపోతుంది. ఆమె గేటు దగ్గర మీకోసం చూస్తూనే ఉంటుంది. చేయగలిగింది మాత్రమే చెప్పండి, మీరు ఏ తేదీ దాకా ఉంటారో మొదటి రోజే చెప్పండి.

ఇక కారణాలు. ఇక్కడికొచ్చేసరికి మీకు కొంతమంది మనుషులు పేర్లతో సహా తెలిసి ఉంటారు, అప్పుడు ఈ పుస్తకాలు వేరేగా కనిపిస్తాయి. మాథ్యూ డెస్మండ్ 'ఎవిక్టెడ్' (2016, మరుసటేడు పులిట్జర్ బహుమతి) అమెరికాలోని మిల్వాకీ నగరంలో అద్దె ఇళ్ల నుంచి గెంటేయబడే కుటుంబాల కథ. ఒక తల్లికి నెలకు 628 డాలర్ల ప్రభుత్వ సాయం వస్తుంది, అందులో 550 అద్దెకే పోతాయి. పేదరికం వల్ల ఇల్లు పోవడం మనకు తెలిసిందే. ఇల్లు పోవడం వల్ల ఉద్యోగం, బడి, ఆరోగ్యం ఒకదాని వెంట ఒకటి పోయి పేదరికం ఎలా ముదురుతుందో ఆయన చూపిస్తాడు. ఇంకొకటి, గ్రెగ్ కోల్‌బర్న్, క్లేటన్ పేజ్ ఆల్డర్న్ రాసిన 'హోమ్‌లెస్‌నెస్ ఈజ్ ఎ హౌసింగ్ ప్రాబ్లమ్' (2022). మత్తుమందుల సమస్య ఎక్కువున్న వెస్ట్ వర్జీనియాలో ఇల్లులేనితనం తక్కువ, డబ్బున్న సియాటిల్‌లో ఎక్కువ. ఎందుకంటే తేడా వచ్చేది అద్దెల దగ్గర, ఖాళీ ఇళ్ల దగ్గర. ఈ వాదనను అమెరికా నుంచి మనకు ఉన్నదున్నట్టు తెచ్చి అతికించకండి. మన దగ్గర బస్తీలు ఉన్నాయి, కార్మికుడు పని చోటుకు దగ్గరగా ఉండటం కోసం ఊళ్లో ఇల్లుండీ నగరంలో ఫుట్‌పాత్ మీద పడుకుంటాడు.

ఆ సంగతి అర్థం కావాలంటే పుస్తకం కాదు, ఒక తీర్పు చదవండి. ఓల్గా టెల్లిస్ కేసులో 1985 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. 1981 వానాకాలంలో బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్లను ఖాళీ చేయించి సొంతూళ్లకు పంపేయాలని మహారాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. జర్నలిస్టు ఓల్గా టెల్లిస్, ఫుట్‌పాత్ మీద ఉండేవాళ్లు కోర్టుకెక్కారు. వాళ్లు అక్కడ ఉంటున్నది పని దగ్గరగా ఉండటం కోసమనీ, చోటు తీసేస్తే బతుకుతెరువు పోతుందనీ, జీవించే హక్కులో జీవనోపాధి హక్కు ఉందనీ కోర్టు ఒప్పుకుంది. అదే తీర్పు, ఫుట్‌పాత్ మీద గుడిసె వేసుకునే హక్కు ఎవరికీ లేదనీ, నోటీసిచ్చి ఖాళీ చేయించవచ్చనీ కూడా చెప్పింది. మొదటి సగాన్ని అందరూ ఉటంకిస్తారు, రెండో సగం చదివేవాళ్లు తక్కువ. మీరు రెండూ చదవండి. నిలోఫర్ లాంటి పెద్దాస్పత్రుల బయట పిల్లకు సెలైన్ ఎక్కుతుంటే గోడవార దుప్పటి పరుచుకున్న తండ్రిని అడగండి, షెల్టర్‌కు ఎందుకు రారని. "నర్సమ్మ పిలిస్తే ఉరకాలె గద సార్" అంటాడు. దగ్గరుండటమే ఆయనకు కావలసింది.

ఢిల్లీలో 2004లో యమునా పుష్తా బస్తీలను కూల్చి జనాన్ని ఊరి చివర బవానాకు తరలించినప్పుడు వాళ్లకేమైందో కల్యాణి మీనన్-సేన్, గౌతమ్ భాన్ 'స్వెప్ట్ ఆఫ్ ద మ్యాప్' (2008)లో రాశారు. ముంబై విమానాశ్రయం పక్క అన్నావాడి బస్తీ మీద కేథరిన్ బూ రాసిన 'బిహైండ్ ద బ్యూటిఫుల్ ఫరెవర్స్' (2012) అయితే నవలలా సాగిపోతుంది, మీకు వెంటనే పట్టేస్తుంది. బాగుంటుంది కానీ మొదట అదే చదవద్దు. అది చదివి వచ్చినవాళ్లు ప్రతి మనిషిలోనూ ఒక పెద్ద కథ కోసం చూస్తారు.

తెలుగు సంగతి. నేను విద్యార్థులకు ముందుగా ఇచ్చేది శ్రీశ్రీ 'భిక్షువర్షీయసి'. 'మహాప్రస్థానం'లో చిన్న కవిత. దారిపక్క చెట్టు కింద ఒక ముసలామె. ఆమె చనిపోతే ఆ పాపం ఎవరిదని వెర్రిగాలి అడుగుతూ పోతుంది, కుక్క ఏమీ అనదు, తొండ తప్పుకుంటుంది. ఇల్లు లేని ఆడమనిషిని అంత తక్కువ మాటల్లో అంత దగ్గరగా చూసిన రచన నాకింకొకటి కనపడలేదు. తర్వాత, ఎ. రేవతి జీవితాన్ని పి. సత్యవతి తెలుగు చేసిన 'ఒక హిజ్రా ఆత్మకథ' చదవండి. అనువాదానికి సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అన్నదమ్ములు కొట్టి బయటికి నెట్టే ఇల్లు, పైకప్పు ఉన్నా తనది కాని ఇల్లు ఎలా ఉంటుందో అందులో తెలుస్తుంది. షెల్టర్‌కు వచ్చే చాలామంది ఆడవాళ్ల కథ కూడా అక్కడే మొదలవుతుంది.

మరాఠీ నుంచి ఒకటి చెప్తాను, దానికి మనతో చుట్టరికం ఉంది: లక్ష్మణ్ మానే 'ఉపరా' (1980). కైకాడీ కుటుంబంలో పుట్టినవాడి ఆత్మకథ, ఇంగ్లిష్‌లో దొరుకుతుంది. గాడిదల మీద సంసారం వేసుకుని బుట్టలల్లుకుంటూ ఊరూరా తిరిగే బతుకు. కైకాడీలు మన ఎరుకల వాళ్లకు దగ్గరివాళ్లు. 1871 నేరస్థ తెగల చట్టం ఇలాంటి సంచార కులాల మీద పుట్టుకతోనే దొంగలన్న ముద్ర వేసింది, 1952 దాకా ఆ చట్టం పోలేదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, ఆ ముద్ర పడినవాళ్లను ఒకచోట ఉంచడానికి అలా పుట్టిన సెటిల్‌మెంటే. అక్కడ ఇల్లిచ్చారు, కాపలా కూడా పెట్టారు. మీ షెల్టర్‌కు సంచార కులాల వాళ్లొస్తే, నాలుగ్గోడల మధ్య ఉండలేక వరండాలోకి వచ్చి పడుకుంటే, వింతగా చూడకండి.

పుస్తకాలతో పాటు రెండు సర్కారీ కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఒకటి 2011 జనగణనలో ఇల్లులేనివాళ్ల లెక్క. ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలో లెక్కపెట్టారు. దేశంలో దాదాపు 17.7 లక్షలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.45 లక్షలు. ఫ్లైఓవర్ కింద, ప్లాట్‌ఫారం మీద, గుడి మండపంలో, సిమెంటు తూముల్లో పడుకునేవాళ్లు ఈ లెక్కలోకి వస్తారు. షాపు మూశాక లోపలే పడుకునే కుర్రాడు రాడు, కడుతున్న అపార్ట్‌మెంటులో పిల్లల్ని పెట్టుకుని ఉండే వాచ్‌మన్ కుటుంబం గతేమిటో మీరే ఆలోచించండి. రెండోది 2013లో జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ కింద వచ్చిన షెల్టర్ల మార్గదర్శకాలు. లక్ష జనాభాకు వందమంది పట్టే ఒక శాశ్వత షెల్టర్ ఉండాలి, మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలి అని అందులో ఉంది. ఒక టేపు పట్టుకెళ్లి మీ షెల్టర్ హాలు కొలవండి, మంచాలు లెక్కపెట్టండి. మీ రిపోర్టులో మొదటి పేజీకి అది చాలు.

ఒకటే జాగ్రత్త. ఇవి చదివి ఏడుపొస్తే రానివ్వండి, కానీ షెల్టర్‌కు వెళ్లినప్పుడు ఆ పుస్తకాల్లోని మనుషుల్ని అక్కడ వెతకకండి. రాత్రి తొమ్మిదిన్నర తర్వాత ఎవరినీ ప్రశ్నలు అడగకండి, అడ్డాకు పోయేవాళ్లు తెల్లవారుజామున నాలుగున్నరకే లేవాలి. ఆదివారం మధ్యాహ్నం వెళ్లండి, బట్టలు ఉతుక్కుని ఖాళీగా కూర్చుంటారు, వాళ్లే మాట్లాడతారు.

మీది మగవాళ్ల షెల్టరా, ఆడవాళ్లదా, ఆస్పత్రి దగ్గరదా చెప్పండి. దాన్నిబట్టి మొదటి వారం ఏం గమనించాలో విడిగా రాస్తాను.